కారు మీద మూడు గీతలు

పోయిన ఆదివారం పొద్దున మా పై వాటాలో అద్దెకుండే అమ్మాయి తన కొత్త కారు కడగడానికి కిందికి దిగింది. బ్యాంకులో పనిచేస్తుంది, పెళ్ళయి రెండేళ్ళయింది. రెండు బకెట్లు, నాలుగు మెత్తటి గుడ్డలు తెచ్చుకుంది. మొదలుపెట్టే ముందు చేతి గడియారం తీసింది, ఉంగరం తీసింది, కుడిచేతి గాజులు మూడు, ఎడమచేతివి మూడు తీసింది. "అమ్మమ్మా, ఇవి జర పట్టుకుంటరా? పెయింటుకు గీతలు పడ్తయి" అని నా చేతిలో పెట్టి నీళ్ళు పోయడం మొదలుపెట్టింది. ఆ ఆరు గాజులు తీయడానికి ఆమెకు అర నిమిషం పట్టలేదు.

వాటిని పట్టుకొని మెట్ల మీద గంటసేపు కూర్చున్నాను.

ఏ రోజు ఏం జరిగిందో రాసిపెట్టుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. ఇప్పుడు చెప్పబోయే దాని తేదీలు కూడా నా దగ్గర ఉన్నాయి. ఇక్కడ వాటితో పని లేదు. ఉద్యమం వచ్చి బడులు మూతపడిన ఏడు అంటే నా వయసు వాళ్ళకు అర్థమవుతుంది. నాకప్పుడు పదకొండేళ్ళు. మా ఊరు నర్మెట్టకు నాలుగు మైళ్ళు. బాపు ఊరికి పటేలు. డెబ్బై ఎకరాలు, రెండు మోటబావులు, ఇంటి చుట్టూ మనిషి ఎత్తు గోడ. ఉగాది పోయిన రెండు నెలలకు హైదరాబాదు నుంచి ఒక నల్ల కారు కొనుక్కొచ్చాడు. పాతదే, కానీ రంగు కొత్తగా వేయించారు. వంగి చూస్తే మన పళ్ళు లెక్కపెట్టుకోవచ్చు.

ఆ కారు లోపల పెట్రోలు వాసన, ఎండకు కాగిన సీట్ల వాసన కలిసి వచ్చేవి. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక నేను వెనక సీటులో దూరి, అమ్మ దాచిన పల్లిపట్టీలు తినేదాన్ని. హారన్ రెండుసార్లు మోగించి దెబ్బలు తిన్నాను.

వచ్చిన నాలుగో రోజున కారును మా జీతగాడు కడిగాడు. ఎవరూ కడగమనలేదు. బర్రెలను కడిగి వస్తూ, పటేలు సంతోషపడతాడని కడిగాడు. బర్రెలను ఎట్లా కడుగుతారో అట్లాగే, గడ్డిని చుట్టగా చుట్టి, ముక్కు నుంచి తోక దాకా బలంగా రుద్దాడు. అయిపోయాక తలగుడ్డతో చెమట తుడుచుకొని, నవ్వుకుంటూ వచ్చి బాపును పిలిచాడు. నీళ్ళు ఆరిన చోటల్లా నల్లరంగు మీద బూడిద చల్లినట్టు ఉంది.

బాపు అరవలేదు. ఇంకో ఇద్దరు జీతగాళ్ళను పిలిచి, వాణ్ణి బండిచక్రానికి ఆనించి నిలబెట్టమన్నాడు. అదే గడ్డిచుట్టతో వాని వీపు రుద్దమన్నాడు. నేను లెక్కపెట్టాను. నలభై సార్లు రుద్దారు. వీపు నుంచి చిన్న చిన్న నెత్తుటి చుక్కలు లేచాయి. అతను మొహం ఇటు తిప్పి, "బర్రెను సుత ఇంత గట్టిగ రుద్దలే పటేలా" అన్నాడు. బాపు నవ్వాడు. బాపు నవ్వితే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

కారు నడపడానికి జనగామ నుంచి ఒక ముసలి డ్రైవర్ వచ్చేవాడు. నిజాం కాలంలో ఎవరో జాగీర్దారు దగ్గర పనిచేశానని చెప్పుకునేవాడు. ఆయన పది రోజులు పాలిష్ పట్టి చాలా గీతలు పోగొట్టాడు. ఇరవై రెండు మిగిలాయి. అవి ఇక పోవని చెప్పి, ఇంకో గీత పడకుండా ఎట్లా కడగాలో అరుగు ముందు నిలబడి ఇంటిల్లిపాదికీ వినిపించేలా చెప్పాడు. ఎండలో కడగొద్దు, ఇంజను వేడి మీద కడగొద్దు. గుండ్రంగా తిప్పొద్దు, పొడుగ్గా ఒకే వైపు పోవాలి. కింద పడ్డ గుడ్డను మళ్ళీ వాడొద్దు. అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇంకొకటి చెప్పాడు.

"దుమ్మును తుడవద్దు. దుమ్ముకు తొవ్వ ఇయ్యాలె. నీళ్ళు మీదికెల్లి పోస్తె అదే పోతది. కడిగేటోళ్ళ చేతికి ఇంత గట్టి వస్తువు ఉండొద్దు."

చేతికి గట్టి వస్తువు లేని మనిషి ఎవరని వెతికితే ఎవరూ దొరకలేదు. జీతగాళ్ళకు వెండి కడేలు. డ్రైవర్‌కు మణికట్టుకు తాయెత్తు, దాన్ని తీయనన్నాడు. అమ్మకు, చిన్నమ్మకు, పనిమనిషికి మోచేతి దాకా గాజులు. మొగుడు బతికుండగా గాజులు తీస్తే అరిష్టం కాబట్టి వాళ్ళ మాటే రాలేదు. బాపు ఒకరి చేతులు చూస్తూ ఒకరి చేతుల మీదికి పోతున్నాడు. అప్పుడు మా బాపమ్మ, బాపు తల్లి, పొగాకు నములుతూ అన్నది.

"ఇంట్ల ఉత్త చేతులు ఉన్నయి గదరా."

బాపుకు చెల్లెలు ఒక్కతే. నాకు మేనత్త. పెండ్లికి ముందు జనగామలో చుట్టాల ఇంట్లో ఉండి మెట్రిక్ పాసయింది. మా ఊళ్ళో మెట్రిక్ పాసైన ఆడది ఆమె తప్ప ఇంకొకరు లేరు. గోదావరి పక్కన, మహదేవపూర్ అవతల ఊరికి ఇచ్చారు. రెండేళ్ళ ఎనిమిది నెలలకు మామ పాము కరిచి చచ్చిపోయాడు. అత్తను తీసుకొచ్చి మా ఇంట్లో వెనకగదిలో ఉంచారు. అప్పటికి నాలుగేళ్ళవుతోంది. ఇరవై మూడేళ్ళుంటాయి.

ఆమె మాట్లాడటం తక్కువ. వడ్లు ఎండబోయడం, పప్పు విసరడం, నాకు లెక్కలు చెప్పడం. భిన్నాలు నాకు ఆమే నేర్పింది. జొన్నరొట్టెను చేత్తో పన్నెండు ముక్కలు చేసి, ఏ ముక్కా పెద్దదీ చిన్నదీ కాకుండా నా ముందు పెట్టేది.

హనుమకొండలో టీచర్ ట్రైనింగుకు పోవాలని ఆమె కోరిక. ఆ ఏడు గొడవల వల్ల అన్నీ ఆలస్యమై, ట్రైనింగు దసరా తర్వాతే మొదలవుతుందన్నారు. అత్త తనంతట తాను బాపును అడగలేదు. అమ్మ చేత అడిగించింది. బాపు అప్పుడు అరుగు మీద నలుగురితో కూర్చుని ఉన్నాడు. ఆ రోజే ఆమె మొదటిసారి కారు కడిగింది. బాపు కారు వైపు చూసి, ఆ నలుగురి వైపు చూసి అన్నాడు.

"దసరా దాక దాని మీద ఒక్క గీత కొత్తది పడకుండ కడుగుమను. పంపిస్త."

కూర్చున్నవాళ్ళు నవ్వారు. తలుపు చాటు నుంచి అత్త గొంతు వచ్చింది. "దసరా దాకనేనా అన్నా?"

బాపు తలుపు వైపు తిరిగాడు. ఆమె వింటుందని అనుకున్నట్టు లేదు. నలుగురిలో అన్న మాట వెనక్కి తీసుకోలేడు. "దసరా దాకనే" అని, పక్కన నిలబడ్డ నన్ను చూపించాడు. "గీతల లెక్క ఇది రాస్తది. బడి లేదు, పని లేదు."

అట్లా నాకు ఆ కొలువు దొరికింది. బాపు నాకొక కొత్త నోటుపుస్తకం ఇచ్చాడు. కారును నాలుగు వైపుల నుంచి నాలుగు బొమ్మలు గీశాను. పాత గీతలన్నిటికీ ఒకటి నుంచి ఇరవై రెండు దాకా అంకెలు వేసి, ఒక్కొక్కటి ఎన్ని అంగుళాలో టేపుతో కొలిచి రాశాను. బాపు చూసి మెచ్చుకున్నాడు. అంతకుముందు ఆయన నన్ను మెచ్చుకున్నట్టు నాకు గుర్తులేదు.

రోజు విడిచి రోజు కడగాలి. ముందురోజు సాయంత్రమే అత్త బావినీళ్ళు చేదిపోసి రెండు గోలేలు నింపేది. తెల్లారేసరికి ఇసుక అడుక్కు దిగుతుంది. పైనీళ్ళే ముంచాలి, అడుగున జానెడు నీళ్ళు ముట్టుకోదు. కుంకుడుకాయ రసం మూడుసార్లు వడగట్టేది. బాపు పాత ధోవతులను, అంచులు కత్తిరించి, గుడ్డలుగా చేసుకుంది. అంచుకు జరీ పోగు ఉంటుంది కదా. జాకెట్టుకు ఉన్న గుండీలు కూడా తీసేసి దారంతో ముడులు వేసుకుంది. కొంగును నడుముకు చుట్టి లోపలికి దోపుకొని, మొదట కారు కప్పు మీద నీళ్ళు పోసేది. ఎత్తు నుంచి పోస్తే చప్పుడవుతుందని, నీళ్ళు పాకేటట్టు చెంబు వంచి పోసేది. ముప్పై ఆరు చెంబులు. అప్పటిదాకా చేయి పెట్టేది కాదు.

ఇదంతా చీకటి వదలకముందే. లాంతరు బండిచక్రానికి తగిలించి ఉండేది. నేను మెట్టు మీద కూర్చునేదాన్ని. ధోవతి గుడ్డ పిండిన వాసన, కుంకుడు వాసన, తడిసిన మట్టి వాసన. ఆమె చేతులు మోచేతుల దాకా తడిసి లాంతరు వెలుగులో మెరిసేవి.

ఎండ పడే వేళకు నా పని. చెంప కారుకు దాదాపు ఆనించి, పక్కనుంచి చూస్తే ఎంత సన్నగీతైనా వెలుగుతుంది. నేను చూస్తున్నంతసేపు అత్త గుడ్డ పట్టుకొని నిలబడేది. నేను "లేదు" అనేదాకా కదిలేది కాదు. నాకు అది బాగుండేది. ఇంట్లో నేను ఏమన్నా ఎవరూ ఆగి వినేవాళ్ళు కాదు, ఈమె ఊపిరి బిగబట్టి వినేది. ఒకరోజు ఊరికే, "అత్తా, ఇక్కడ ఏందో ఉన్నది" అన్నాను. ఆమె మొహంలో రక్తం లేకుండా పోయింది. పరుగెత్తుకొచ్చి చూస్తే అది అంటుకున్న వెంట్రుక. నేను పడిపడి నవ్వాను. ఆమె కూడా నవ్వడానికి ప్రయత్నం చేసింది. ఆ ఐదు నెలల్లో ఆ ఆట తొమ్మిదిసార్లు ఆడాను. ఐదో సారి నుంచి ఆమె పరుగెత్తడం మానేసింది, నడిచి వచ్చేది. తొమ్మిదోసారి రాకుండానే, "పో పిల్లా" అన్నది.

కడగడం అయిపోయి, బాపు తెల్లబట్టలు కట్టుకొని బయటికి వచ్చే వేళకు, బాపమ్మ లోపలి నుంచి ఒక కేక వేసేది. అత్త గుడ్డలు వదిలేసి వెనకగదిలోకి పోయి తలుపు వేసుకోవాలి. ముండమోసిన మొహం ఎదురైతే పోయిన పని కాదని. కారు గేటు దాటిన చప్పుడు విన్నాకే ఆమె బయటికి వచ్చేది. ఆమె కడిగిన కారే అది. ఆమె ఎందుకు ఎదురు రాకూడదు అని నేను అడగలేదు. ఎవరూ అడగలేదు.

వానాకాలంలో ఒకరోజు జనగామ రోడ్డు మీద కాలేజీ పిల్లలు కారు ఆపి, సుద్దముక్కతో ముందు నుంచి వెనక దాకా జై తెలంగాణ అని రాసి పంపారు. డ్రైవర్ తల పట్టుకున్నాడు. సుద్దలో రాళ్ళుంటాయి, తుడిస్తే గీరుకుంటుంది. అత్త ఆ రోజు గుడ్డ ముట్టలేదు. రెండు గంటలు వట్టి నీళ్ళు పోసింది. అక్షరాలు ఒక్కొక్కటే కారిపోయాయి. నూట పది చెంబులు. ఎండ పడ్డాక నేను పావుగంట వెతికాను. ఒక్క గీత దొరకలేదు.

అప్పుడు నాకు ఏమనిపించిందో నిజం రాయాలి. నాకు నిరాశగా ఉంది. నా పుస్తకంలో అంకె ఇరవై రెండు దగ్గరే ఆగిపోయింది. ప్రతి రెండు రోజులకూ "కొత్తది లేదు" అని రాసి రాసి విసుగు పుట్టింది. బాపు కూడా పుస్తకం చూడటం మానేశాడు. ఒక్కటి పడితే బాగుండునని ఉండేది. ఎవరికీ ఏమీ కాకుండా, పుస్తకంలో రాసుకోవడానికి ఒక్కటి.

బతుకమ్మ రోజులు వచ్చాయి. ఇల్లంతా గునుగుపూల వాసన, సత్తుపిండి వాసన. గునుగుపూలను కోసి రంగునీళ్ళలో ముంచి ఆరబెట్టడం దాకా అత్త చేసేది. పేర్చడానికి అమ్మ, చిన్నమ్మ కూర్చునేవాళ్ళు. అప్పుడు ఆమె లేచి వెనక్కి పోయేది. గాజులామె వచ్చి మాకందరికీ కొత్తగాజులు తొడిగింది. నాకు చేతికి పన్నెండు, ఎర్రవి. రాత్రి చప్పట్లు కొట్టి ఆడితే కుడిచేతి గాజులు మూడు అంచులు పెచ్చు లేచాయి. నేను ఎవరికీ చూపించలేదు. చూపిస్తే తీసేస్తారు.

దసరా ఇంక మూడు రోజులు. అరవై తొమ్మిదో కడుగుడు. నా చేతులు చూసి అత్త ముందే చెప్పింది, గాజులతో దగ్గరికి రావద్దని, దూరం నుంచి చూడమని. ముట్టనని అన్నాను. ఎండ పడింది. వెనక కుడితలుపు దగ్గర వంగాను. కాలు తడిమట్టిలో జారింది. చేయి తలుపుకు ఆనింది. సన్నగా ఒక చప్పుడు, పలక మీద మేకు గీసినట్టు.

మూడు గీతలు. ఒకదాని పక్కన ఒకటి, రెండున్నర అంగుళాలు.

"అత్తా, గీత" అన్నాను.

ఆమె గుడ్డలు పిండుతోంది. తల ఎత్తకుండానే, "ఇయ్యాల సుత ఆటలేనా" అన్నది. నేను నవ్వకపోయేసరికి వచ్చింది. చూసింది. వేలితో రాసింది. కొంగుతో రాసింది. వంటింట్లోకి పోయి మంచినూనె చుక్క తెచ్చి రాసింది. నూనె ఉన్నంతసేపు కనబడలేదు, తుడిస్తే మళ్ళీ తేలాయి. ఆమె నేల మీద కూర్చుండిపోయింది.

"మొన్న లేకుండె గదా?" అని అడిగింది. లేదన్నాను. ఎట్లా పడ్డాయని అడిగింది. ఏమో అన్నాను. ఆమె అప్పటికి నా చేతుల వైపు చూడలేదు. తన చేతుల వైపే చూసుకుంటోంది, గోళ్ళు తడుముకుంటోంది.

"నాలుగు రోజులు రాయకు బిడ్డా. దసరా తెల్లారి రాయి. నీ కాళ్ళు మొక్కుత."

నిజంగానే నా కాళ్ళ వైపు చేయి చాచింది. నేను వెనక్కి జరిగాను. లెక్క లెక్కే అన్నాను. ఆ మాట నాకు ఆమే నేర్పింది, భిన్నాలు చెప్పినప్పుడు. పోయి పుస్తకం తీసి, ఇరవై మూడు, ఇరవై నాలుగు, ఇరవై ఐదు అని రాశాను. టేపుతో కొలిచి రాశాను.

బాపు బయటికి రాగానే పుస్తకం చూపించాను. ఆయన వంగి బొటనవేలితో తడిమాడు. డ్రైవర్‌ను పిలిచాడు. డ్రైవర్ కళ్ళద్దాలు పెట్టుకొని చూసి, ఏ పాపం తెలియక, తన విద్య చూపించాడు.

"గోరు గాదు, రాయి గాదు. గాజు గీత, పటేల్."

బాపమ్మ అరుగు మీదే ఉంది. పొగాకు ఉమ్మేసింది. తర్వాత నెమ్మదిగా, "చీకట్ల గాజులు తొడుక్కొని కడుగుతున్నదా ఇది" అన్నది. ఒక్క నిమిషంలో గీతల సంగతి పోయింది. కారు సంగతి పోయింది. అమ్మ, చిన్నమ్మ, పనిమనిషి, అందరూ వాకిట్లోకి వచ్చారు. అత్త తడిచేతులు రెండూ ముందుకు చాచి చూపించింది. బాపమ్మ, తీసి దాస్తే ఏం కనబడతదన్నది.

అప్పుడు అత్త నా వైపు తిరిగింది.

"నువ్వు పొద్దటి సంది మెట్టు మీదనే ఉన్నవ్ గదా పిల్లా. నా చేతులకు గాజులు ఉన్నయా? చెప్పు."

నేను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను. ఎందుకు చెప్పలేదని తర్వాత చాలాసార్లు లెక్క తీశాను. దెబ్బల భయం పెద్దగా లేదు. నాకు పడితే రెండు చెంపదెబ్బలు, ఒక పూట అన్నం మానిపించడం. అంతకన్నా ఎక్కువ లేదు. కానీ పుస్తకం తీసుకునేవాళ్ళు. గీతలు రాసే మనిషే గీతలు పెట్టిందని నవ్వేవాళ్ళు.

"చీకటి ఉండె. నాకు కనవడలే" అన్నాను.

అత్త నా మొహం చూసింది. తర్వాత నా భుజాల వైపు, వెనక్కిపోయిన మోచేతుల వైపు చూసింది. నేను చేతులు ఇంకా గట్టిగా పట్టుకున్నాను, చప్పుడు కాకుండా.

బాపమ్మ వెనకగదిలోకి పోయి అత్త ట్రంకుపెట్టె తీయించింది. రెండు చీరలు, మామ ఫోటో, మెట్రిక్ సర్టిఫికెట్, ట్రైనింగు కాగితాలు. కాగితాల కింద, పత్రికముక్కలో చుట్టి, డజను గాజులు. ఆకుపచ్చవి. కొట్లో కట్టిన తెల్లదారం అట్లాగే ఉంది, ముడి విప్పలేదు. తొడుక్కున్న గాజులకు ఆ దారం ఉండదు. అక్కడ ఉన్నవాళ్ళందరికీ కళ్ళున్నాయి.

"దారం సుత తెంపలే. చూడుండ్రి" అన్నది అత్త.

"తొడుక్కోనిదానివి కొన్నదెందుకు?" అన్నది బాపమ్మ. "ఎవలకు?"

అబద్ధం చెప్పి ఉంటే సరిపోయేది. నాకోసమని చెప్పినా సరిపోయేది. అత్త అబద్ధం చెప్పే మనిషి కాదు.

"నాకే. హనుమకొండల నన్నెవరు ఎరుగుతరు? ఆడికి వోయినంక ఏసుకుందామని."

బాపు కారు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. బాపమ్మ గాజుల కట్టను గడప మీద పెట్టింది. దారం తెంపి, రోకలి తెమ్మని పనిమనిషికి చెప్పింది. ఒక్కసారే కొట్టలేదు. ఒక్కొక్క గాజు తీసి గడప మీద పెట్టి, అత్తను ఎదురుగా నిలబెట్టి, ఒక్కొక్కటే పగలగొట్టింది. పన్నెండు. రోకలి బరువుకు ముసలిచేతులు అలిసి మధ్యలో రెండుసార్లు ఆగింది. ఆగినప్పుడు చిన్నమ్మను కూడా రోకలి పట్టుకొమ్మన్నది. చిన్నమ్మ పట్టుకుంది. అత్త ఏడవలేదు. ఐదో గాజు దగ్గర ఒక పెంకు ఎగిరి ఆమె పాదం మీద గుచ్చుకుంది. తీసుకోలేదు.

అయిపోయాక బాపు ఒక్కమాట అన్నాడు. "హనుమకొండ లేదు. అత్తగారింటికి పో. నేను కార్డు రాసి పిలిస్తె తప్ప ఈ గడప తొక్కకు."

మర్నాడు పొద్దున ఆమెను పంపారు. కారు కొట్టంలోనే ఉంది. జీతగాడు, వీపు రుద్దించుకున్నవాడే, ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకొని ముందు నడిచాడు. నర్మెట్ట దాకా నడిచి, అక్కడ బస్సు పట్టుకొని, వరంగల్, పరకాల, భూపాలపల్లి మీదుగా రాత్రికి మహదేవపూర్. ఆ రోజు సద్దుల బతుకమ్మ. అమ్మ నాకు మలీద ముద్దలు రెండు పెట్టింది. రెండూ తిన్నాను.

తర్వాత కారు డ్రైవరే కడిగాడు, తాయెత్తుతోనే. ఏడాది తిరిగేసరికి గీతలు నూరు దాటాయి. బాపు వాటి సంగతి ఎత్తలేదు. నేను రాయడం మానేశాను. రెండో ఏడు దాన్ని అమ్మేశారు.

టీచర్ ట్రైనింగుకు ఎనిమిదేళ్ళ తర్వాత నేను పోయాను. బాపే దగ్గరుండి హనుమకొండలో దింపి, పెట్టె లోపలిదాకా మోయించాడు. లెక్కల టీచర్నయ్యాను. పెళ్ళయి భూపాలపల్లి దగ్గర పనిచేస్తున్నప్పుడు, ఒక ఎండాకాలం పదో తరగతి పరీక్షల డ్యూటీ మహదేవపూర్‌లో పడింది. పరీక్షలు అయిపోయిన రోజు బస్సు మానుకొని, అత్త ఊరికి ఎడ్లబండిలో పోయాను.

అత్త తన మరిది ఇంటి వెనక, నేల నిండా ఎండుమిర్చి పోసుకొని తొడిమలు తీస్తోంది. మిర్చి ఘాటుకు నాకు వాకిట్లోనే దగ్గు వచ్చింది. ఆమెకు రాలేదు. నలభై కూడా నిండలేదు, ముందుపళ్ళు రెండు లేవు. నన్ను వెంటనే గుర్తుపట్టింది. కూర్చోమని గోనెసంచి పరిచింది. ఏం చదివినవ్, ఏం చేస్తున్నవ్ అని అడిగింది. చెప్పాను. "లెక్కలేనా" అన్నది. చేతులు ఆగలేదు.

ఇంట్లోవాళ్ళు పొలంలో ఉన్నారని తెలుసుకొని, చెప్పాలనుకున్నది చెప్పాను. "అత్తా, ఆ గీతలు నా గాజులవి."

"ఎర్కే."

"ఎప్పటి సంది?"

"నువ్వు చేతులు ఎనకకు వెట్టుకున్నప్పటి సంది."

మరి ఎందుకు చెప్పలేదని అడిగాను. "నేను చెప్తె పసిపిల్ల మీద నెడుతున్నదని అందురు. నువ్వే చెప్పాలె అనుకున్న" అన్నది. "గడప మీద పన్నెండు గాజులు పగిలేదాక చెప్తవేమోనని చూసిన. బస్సు కదిలేదాక ఎవరన్న పిలువ వస్తరేమోనని చూసిన" అన్నది. కోపం లేదు ఆ గొంతులో. నేను ఏడ్చాను. ఆమె నన్ను ఊరుకోమనలేదు. కాసేపు చూసి, మిర్చికాయలు ఒడిలోంచి దులుపుకొని, నా వైపు తిరిగి కూర్చుంది.

"ఎర్క ఉన్నదానికి చెప్పి ఏం జేస్తవ్? మీ బాపుకు చెప్పు. ఇంక బతికే ఉన్నడు గద. నిజం తెలిస్తె ఒక కార్డుముక్క రాస్తడు. నేను వస్త. ఈడ కుక్కకన్న కనాకష్టం ఉన్నది నా బతుకు."

చెప్తాను అన్నాను. ఆమె నా చేయి పట్టుకొని మళ్ళీ అడిగింది, చెప్తవా అని. చెప్తాను అన్నాను. ఆమె చేతి మిర్చిమంట భూపాలపల్లి చేరేదాకా నా మణికట్టును వదల్లేదు.

బాపు దగ్గరికి నెలకు రెండుసార్లు పోయేదాన్ని. ఆయన ముసలివాడైపోయాడు, నన్ను చూస్తే సంతోషపడేవాడు. తాను పెట్టే సంతకం దగ్గర్నుంచి పొలం కాగితాల దాకా నన్నే నమ్మేవాడు. మన ఇంట్లో తప్పు చెప్పనిది నువ్వొక్కదానివే అని వచ్చినవాళ్ళందరి ముందూ అనేవాడు. నాలుగేళ్ళు. తొంభై ఆరు సార్లు. ప్రతిసారీ బస్సులో మాటలు కూర్చుకొని పోయేదాన్ని. ఎత్తడానికి నోరు రాక, వచ్చేసారి అనుకొని తిరిగి వచ్చేదాన్ని.

నాలుగో ఏడు ఎండాకాలంలో మహదేవపూర్ నుంచి కార్డు వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. పైఅంచుకు కుంకుమ లేదు, అంచు చింపి ఉంది, అంటే చావు కబురు. బాపుకు కళ్ళు సరిగ్గా ఆనక నాకిచ్చి చదవమన్నాడు. చదివాను. మూడు రోజులు జ్వరం, దవాఖానకు తీసుకుపోయేలోపే, అని ఉంది. బాపు కార్డు నా చేతిలోంచి తీసుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఒక్కతే చెల్లె కదా.

"మంచి పిల్ల అది" అన్నాడు. "చదువుకున్న పిల్ల. దానికి ఆ గాజుల పిచ్చి ఎట్ల వట్టెనో, బిడ్డా."

నా వైపు చూస్తూ జవాబు కోసం ఆగాడు.

"ఏమో బాపు" అన్నాను.